ఒంటరి పింకీ వేరు, నలుగురిలో పింకీ వేరు

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. మీది పర్లాకిమిడి. ఏడాదిగా పింకీ అనే తెల్ల ఆడకుందేలు ఒక్కటే ఉండేది. మీరు కింద కూర్చుంటే ఒళ్ళోకి ఎక్కేది, చెయ్యి నాకేది. "పాపం, ఒంటరిగా ఉంది" అని రెండు నెలల కిందట ఒకే ఈతలో పుట్టిన మూడు పిల్లల్ని తెచ్చారు. రెండు ఆడవి, ఒకటి మగది, వాటికి ఇప్పుడు నాలుగు నెలలు. అవి వచ్చినప్పటి నుంచి పింకీ మీ దగ్గరికి రావడం లేదు. గూట్లో చెయ్యి పెడితే గుర్రుమంటోంది, ఒకసారి ముందుకాళ్ళతో కొట్టింది కూడా. ఆ ఆడపిల్లల్లో గోధుమరంగు దాన్ని తరుముతోంది. మచ్చలది మాత్రం కూర్చుని కూర్చుని పింకీ నుదురు నాకుతోంది. "అలిగిందా, జబ్బు చేసిందా, మళ్ళీ ఒంటరిగా పెట్టేయమంటారా?" అని అడిగారు.

అలగలేదు. తింటోంది, తరుముతోంది కాబట్టి జబ్బులా కూడా లేదు. ఒంటరిగా పెట్టొద్దు. ఒక్క పని మాత్రం ఇవాళే చేయాలి, మగపిల్లని వేరు చేయాలి. ఎందుకో కింద చెబుతాను. మిగతాదానికి తొందరేం లేదు.

మాది రాయగడ. మావారు జేకేపూర్ పేపరు మిల్లులో చేసి రిటైరయ్యారు. పదమూడేళ్ళుగా ఇంట్లో కుందేళ్ళు ఉన్నాయి. ఒక దశలో పదిహేనుకి వెళ్ళాయి, అది నా తెలివితక్కువతనం వల్లే. వీధిలో ఒడియా పిల్లలు నన్ను ఠెకువా మావుసి అంటారు, కుందేళ్ళ పిన్ని అని. నేను పశువుల డాక్టర్ని కాను. పెంచీ, పోగొట్టుకునీ, రాత్రుళ్ళు మేలుకునీ నేర్చుకున్నదే చెబుతున్నాను.

కుందేలు అనగానే మనవాళ్ళకి కొండల్లో కనిపించే చెవులపిల్లి గుర్తొస్తుంది. అది వేరు, మన ఇళ్ళలో పెరిగేది వేరు. రెండూ ఒక జాతి కావు. కొండకుందేలు ఒంటరి జీవి. బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న పల్లం చూసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు ఒళ్ళంతా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. పెంపుడు కుందేలు యూరప్ జాతి, స్పెయిన్, పోర్చుగల్ వైపుది. అది నేల తవ్వి బొరియల్లో గుంపుగా బతుకుతుంది. పిల్లలు గుడ్డిగా, బొచ్చు లేకుండా పుడతాయి. ఆ గుంపులో ఆడవాటికి ఒక వరస, మగవాటికి ఒక వరస ఉంటాయి. పైవరసలో ఉన్న ఆడదానికే మంచి బొరియ. అన్నట్టు, సంతలో ఎవరైనా కొండకుందేలు పిల్లని బుట్టలో పెట్టి అమ్మితే జాలిపడి కొనకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, పైగా ఇంట్లో అది బతకదు.

ఇదంతా ఎందుకంటే, పింకీ గుణం అని మీరు అనుకుంటున్నది ఒంటరిగా ఉన్న కుందేలు గుణం. ఒకరి తల ఒకరు నాకాలి, ఒకరి ఒంటికి ఒకరు ఆనుకుని పడుకోవాలి, ఎవరైనా నేల మీద కాలితో దబ్బున కొట్టి ప్రమాదం ఉందని చెప్పాలి. అది అలా పుట్టిన జంతువు. ఏడాదిపాటు దానికి దొరికినది మీ చెయ్యి ఒక్కటే, అందుకని మీ చేతినే నాకింది. ఇప్పుడు నాకడానికి, నాకించుకోవడానికి వేరే తలలున్నాయి. మీరంటే ఇష్టం పోయిందని కాదు, మీ అవసరం తగ్గింది. వినడానికి కష్టంగానే ఉంటుంది. మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా ఇదే జరిగితే రెండు రోజులు కుందేళ్ళ వైపు చూడలేదు. అలిగింది వాడే కానీ కుందేలు కాదు.

కుందేలుకి సొంత గుణం ఉండదని నేననను. ఉంటుంది, కళ్ళు తెరవకముందే మొదలవుతుంది కూడా. పుట్టిన మొదటి వారం పిల్లలన్నీ గూట్లో ముద్దగా ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ముద్ద మధ్యలో చోటు దొరికినది వెచ్చగా ఉండి తొందరగా బరువెక్కుతుంది, అంచున పడినది వెనకబడుతుంది. తల్లి రోజుకి ఒకసారి, అదీ ఎక్కువగా రాత్రిపూట, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. పగలంతా తల్లి దగ్గర లేదని మనం కంగారు పడతాం కానీ దాని పద్ధతే అది. ఆ మొదటి వారంలో, పాలు తాగే వేళకి కాస్త అటూ ఇటూగా, మనిషి చెయ్యి వాసన అలవాటైన పిల్లలు పెద్దయ్యాక మనిషిని చూసి అంత బెదరవు. మా ఇంట్లో పుట్టినవాటిలో ఇది నేను స్పష్టంగా చూశాను. సంతలో కొన్నవాటికి ఆ వారం ఎలా గడిచిందో మనకి తెలియదు. మీ మూడు పిల్లలూ అంతే.

కాబట్టి సగం పుట్టుక. మిగతా సగం గుంపులో దానికి దొరికిన చోటు. ఈ రెండో సగం మనకి కనబడదు, ఎందుకంటే మనం ప్రతి కుందేలునీ మనతో ఎలా ఉంటుందో చూసి మంచిది, మొండిది, పిరికిది అని పేరు పెట్టేస్తాం. దాని అసలు బతుకు మనం లేనప్పుడు నడుస్తుంది.

మా ఇంట్లో ఒకప్పుడు నాలుగుండేవి. సున్నుండ గోధుమరంగు, బరువైనది, ఆడది. మల్లి తెల్లది, ఆడది. బొగ్గు నల్లది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగది. పైడి చిన్నది, పసుపుపచ్చ బొచ్చు. కుందేళ్ళకి తెల్లవారుజామూ, సందెవేళా పగలు లాంటివి. ఆ వేళ నేను కాఫీ పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చునేదాన్ని. ఒకరోజు పొద్దున్న సున్నుండ నెమ్మదిగా వచ్చి మల్లి ముందు ఆగింది. తల వంచి, గడ్డం గచ్చుకి ఆనించి, మల్లి మూతి కిందకి నుదురు తోసింది. ఇదేదో దండం పెట్టడం అని మొదట్లో అనుకునేదాన్ని. పూర్తిగా తలకిందులు. "నా తల నాకు" అని అడగడం అది. పైవరసలో ఉన్నది ఎక్కువసార్లు అడుగుతుంది, కిందది నాకుతుంది. మల్లి రోజూ నాకేది. ఆ రోజు నాకలేదు. తను కూడా తల వంచి గచ్చుకి ఆనించింది. రెండు నుదుళ్ళూ తాకుతూ, రెండూ కదలకుండా. ఇరుకు సందులో రెండు ఎడ్లబళ్ళు ఎదురుపడి నువ్వు వెనక్కి తియ్యంటే నువ్వు తియ్యన్నట్టు. సున్నుండ ఒకసారి మల్లి చెవి పక్కన ముక్కుతో పొడిచింది. మల్లి కళ్ళు మూసుకుంది కానీ తల ఎత్తలేదు. నా కాఫీ చల్లారిపోయింది. చివరికి గడ్డి దగ్గర ఉన్న బొగ్గుగాడు గెంతుకుంటూ వచ్చి, ముందు సున్నుండని నాలుగు నాకులు, తర్వాత మల్లిని నాలుగు నాకులు నాకి, మళ్ళీ గడ్డి దగ్గరికి పోయాడు. రెండూ లేచి ఒళ్ళు దులుపుకుని ఎవరి దారిన అవి వెళ్ళిపోయాయి.

అప్పటిదాకా నేను బొగ్గుని అమాయకుడు అనుకునేదాన్ని. ఎవరు తరిమినా పారిపోయేవాడు, గిన్నె దగ్గర చివర నిలబడేవాడు. ఆ గుంపు కలిసి ఉండడానికి వాడే కారణమని ఆ పొద్దున్నే తెలిసింది.

వాడి విషయమే ఇంకొకటి. కొత్త వస్తువు ఏది పెట్టినా, అట్టపెట్టె కానీ వెదురుబుట్ట కానీ, మొదట దగ్గరికెళ్ళి వాసన చూసేది బొగ్గే. పెద్ద ముత్తైదువలా ఉండే సున్నుండ పది నిమిషాలు దూరం నుంచి చూసి, ప్రమాదం లేదని తేలాక వచ్చి గడ్డంతో రుద్దేది. గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది. మన ముక్కుకి అందదు కానీ వాటికి అది పేరు రాసుకోవడమే. ధైర్యం ఒకటి, పెత్తనం ఇంకొకటి. పైవరసలో ఉన్నదానికి తిండి దాని దగ్గరికే వస్తుంది, తొందరపడే పని లేదు. కిందవరసలో ఉన్నది కొత్త చోట్లు వెతుక్కుంటేనే కడుపు నిండుతుంది. మీ దగ్గర కూడా రేపు ఒక ఖాళీ బుట్ట పెట్టి చూడండి. గోధుమరంగుది మొదట వస్తే నేను ఆశ్చర్యపోను.

ఏడేళ్ళు నిండాక సున్నుండ పోయింది. పోయాక కాసేపు దాన్ని మిగతావాటి దగ్గరే ఉంచాను. అవి వచ్చి వాసన చూసి, కాసేపు ఆనుకుని కూర్చుని, లేచిపోయాయి. అలా చూడనిస్తే తర్వాత వెతుక్కోవు అంటారు, మా దగ్గర నిజంగానే వెతుక్కోలేదు. అసలు విచిత్రం తర్వాత పది రోజులకి. ఏడేళ్ళు గోడ వారనే కూర్చున్న మల్లి, నేను చెయ్యి చాపితే పారిపోయిన మల్లి, సున్నుండ పడుకునే చల్లటి చోటులోకి, అంటే నీళ్ళకుండ పక్కకి, మారింది. పైడిని ఒక రోజంతా తరిమింది. ఆ వారంలోనే మొదటిసారి నా కాలి వేలు ముక్కుతో పొడిచి, తల వంచి నేలకి ఆనించింది. నన్ను కూడా వరసలో ఎక్కడో పెట్టుకుందన్నమాట. పిరికిది అని ఏడేళ్ళు చెప్పుకున్నాం. అది పిరికితనమే కాదు, సున్నుండ ఉన్నంతకాలం దాని చోటు అది.

ఇప్పుడు పింకీ. అది పెద్దది, మిగతావి పిల్లలు, ఇల్లు ముందు దానిది. కనుక పెత్తనం దానికి వచ్చింది. మచ్చలది తల నాకుతోందంటే ఒప్పుకుంది. గోధుమరంగుది ఇంకా ఒప్పుకోలేదు, అందుకే తరుముడు. మీ చేతిని కొట్టింది కూడా ఇందులో భాగమే. గూడు ఇప్పుడు వట్టి పడుకునే చోటు కాదు, కాపాడుకోవలసిన సొంత బొరియ. ఆడకుందేలుకి ఈ పట్టింపు మరీ ఎక్కువ, ఆపరేషన్ కానిదానికి ఇంకా. పైగా కుందేలు కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. వెనక నుంచి గద్ద వచ్చినా చూస్తుంది కానీ సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనబడదు. మీరు మూతి కిందగా చెయ్యి పెట్టారు, ఉన్నట్టుండి ఏదో మీదికొచ్చిందని అది కొట్టింది. గూడు శుభ్రం చేయాలంటే పింకీ బయట తిరుగుతున్నప్పుడు చేయండి. తాకాలనుకుంటే పక్క నుంచి వచ్చి, పైనుంచి నుదుటి మీద పెట్టండి. చెవులు పట్టుకుని ఎత్తడం మాత్రం ఇంట్లో ఎవరినీ చేయనివ్వకండి. గాల్లో వెనకకాళ్ళు బలంగా విదిలిస్తే దాని నడుము దానికే విరుగుతుంది.

తరుముడుకి భయపడొద్దు, కానీ కొలత తెలియాలి. తరిమి, పట్టుకోకుండా వదిలేయడం, మీదెక్కడం (ఆడవి కూడా ఎక్కుతాయి, పెత్తనం కోసం), నోట్లో కాస్త బొచ్చు ఊడిరావడం, ఇవి మామూలు. రెండూ ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా గిర్రున తిరుగుతూ పొట్ట కింద కరవబోతే అది వేరే సంగతి. వెంటనే మధ్యలో చీపురో అట్టముక్కో అడ్డం పెట్టండి, వట్టి చెయ్యి పెట్టకండి. రక్తం వస్తే ఇనుప మెష్ కట్టి రెండు పక్కలా ఉంచాలి. రోజూ పరుచుకునే గుడ్డలు ఇటువి అటు, అటువి ఇటు మార్చాలి. రెండు వారాలయ్యాక ఎవరిదీ కాని చోట, మా ఇంట్లో అది స్నానాల గది, కలపాలి. పాత గూట్లోనే కలిపితే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

వాసన వాటికి ఎంత ముఖ్యమో నేర్చుకోవడానికి నేను కట్టిన ఫీజు చెబుతాను. ఒకసారి బొగ్గుకి చెవిలో గజ్జి వస్తే ఒక్కణ్ణే బుట్టలో పెట్టి ఊళ్ళోకి తీసుకెళ్ళాను. రెండు గంటల్లో తిరిగొచ్చాను. గూట్లో దింపీ దింపగానే పైడి, వాడి పక్కనే రోజూ పడుకునే పైడి, మీద పడి చెవి చీల్చేసింది. వాడి ఒంటి మీద కుక్కల వాసన, మందు వాసన, పరాయి చేతుల వాసన. మన కంటికి బొగ్గే. వాటి ముక్కుకి ఎవరో కొత్తవాడు. అప్పట్నుంచి డాక్టరు దగ్గరికి వెళ్తే జంటగా తీసుకెళ్తాను. ఒక్కదాన్నే తీసుకెళ్ళక తప్పకపోతే గూట్లో పాత గుడ్డతో ఒళ్ళంతా తుడిచి కానీ దింపను.

ఇక మగపిల్ల సంగతి. నాలుగు నెలలంటే వయసుకి వచ్చేసినట్టే. తోబుట్టువులు కదా అని ఊరుకోకండి, వాటికి అలాంటి వరసలు ఉండవు. పింకీ ఎలాగూ పెద్దది. కడుపు 31 రోజులు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ఈనిన రోజే మళ్ళీ కడుపు కట్టగలదు. నేను పదిహేనుకి వెళ్ళింది ఇలాగే. సంతలో "రెండూ ఆడవేనమ్మా" అన్నాడు, నమ్మాను. మొదట ఆరు పుట్టాయి, తండ్రిని పక్కకి తీసేలోపే మళ్ళీ కడుపు కట్టి నెలకి ఇంకో ఏడు పుట్టాయి. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా పోల్చడం చాలా కష్టం, అమ్మేవాడికీ తెలియదు. అందుకని మీ "రెండు ఆడవి" నిజంగా ఆడవేనా అని కూడా ఒకసారి చూపించుకోండి. మగదానికి ఈ వయసులో వృషణాలు బయటికి కనబడతాయి.

మగదానికి ఆపరేషన్ చేయించాక కూడా వెంటనే కలపకూడదు, ఆరు వారాలు ఆగాలి, అప్పటిదాకా కడుపు చేయగలదు. ఆడవాటికి చేయించడం ఖర్చు, శ్రమ, కానీ నాలుగేళ్ళు దాటాక ఆపరేషన్ కాని ఆడకుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. మా మొదటి తెల్లదాన్ని నేను అలాగే పోగొట్టుకున్నాను. మీకు శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్ళడం తేలిక. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడగండి. ఎక్కడికెళ్ళినా "కుందేళ్ళకి ఇంతకుముందు చేశారా?" అని మొహమాటం లేకుండా అడగండి. కుక్కకి చెప్పినట్టు ముందురోజు రాత్రి నుంచి పస్తు పెట్టమంటే అనుమానించండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తు అక్కర్లేదు, పస్తే ప్రమాదం.

మందుల్లో రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్, కుక్కల గోమార్లకి మెడ మీద వేసే ఫిప్రోనిల్. రెండూ కుందేలుకి ప్రాణం మీదికి తెస్తాయి. ఒక మందుల షాపులో "చిన్న ప్రాణికి చిన్న డోసు, ఏం కాదు" అని ఆ రెండోది నా చేతిలో పెట్టారు. ఆ రోజు వెయ్యకముందు ఒక డాక్టరుకి ఫోన్ చేయబట్టి సరిపోయింది.

పింకీ చిరాకు విషయంలో ఇంకో మెలిక ఉంది. పింకీ గుణం మరీ హఠాత్తుగా మారి, రొమ్ము మీది బొచ్చు తనే పీక్కుంటూ, గడ్డి నోట కరుచుకుని ఒక మూలకి మోస్తుంటే అది కడుపుతో ఉందన్నా కావాలి, ఉత్తి కడుపన్నా కావాలి, అంటే లోపల పిల్లలు లేకుండానే ఉన్నట్టు దాని ఒళ్ళు అనుకోవడం. ఆడవి ఒకదాని మీద ఒకటి ఎక్కినా ఈ ఉత్తి కడుపు వస్తుంది. పదహారు, పద్దెనిమిది రోజుల్లో దానంతట అదే పోతుంది. ఆ రోజుల్లో దానికి చిరాకు ఎక్కువ. గూడు కదపకండి, పోగేసుకున్న గడ్డి తీసెయ్యకండి. మగది ఆ ఇంట్లోనే ఉంది కనుక నిజం కడుపు కాదని మాత్రం తీర్మానించుకోవద్దు.

గుంపులో ఇంకో ఇబ్బంది, జబ్బు గుణంలా కనిపించడం. "ఇది ఎంత బుద్ధిమంతురాలో, కదలదు" అని మా చెల్లెలు తన కుందేలుని మెచ్చుకునేది. పళ్ళు పెరిగి బుగ్గ కోసుకుపోయి తినలేక కూర్చుంది అది. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. నాలుగింటిలో ఒకటి తినడం మానేస్తే గిన్నె ఎలాగూ ఖాళీ అవుతుంది, మనకి తెలియదు. అందుకని నేను రోజూ పొద్దున్న ఒక్కొక్కదానికి ఒక్కో మునగరెబ్బ చేత్తో ఇస్తాను. తీసుకోనిదాన్ని ఆ రోజంతా కనిపెట్టి ఉంటాను. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై ఆగిపోయినా, వీపు గూనిలా పెట్టి పళ్ళు కరకరలాడిస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. మెల్లగా టకటకమని పళ్ళు ఆడించడం వేరు, అది నుదురు నిమురుతున్నప్పుడు వచ్చే సంతోషం. రెండూ రెండుసార్లు వింటే మీకే తేడా తెలుస్తుంది.

తిండి గురించి పెద్దగా చెప్పను, అడగలేదు కూడా. గడ్డే ముఖ్యం, పచ్చిదీ ఎండుదీ, ఎంత తింటే అంత. గరిక, కొత్తిమీర, తులసి, మునగాకు పైన కాస్త. నానబెట్టిన శెనగలు మన వైపు అందరూ పెడతారు, మానేయండి. క్యారెట్ మిఠాయి లాంటిది, వారానికి రెండు ముక్కలు చాలు.

గొడవలు సగం తగ్గాలంటే మార్చాల్సింది కుందేళ్ళని కాదు, ఇంటిని. నాలుగుంటే గిన్నెలు ఐదు పెట్టండి, దూరం దూరంగా. నీళ్ళు కనీసం రెండు చోట్ల. దాక్కునే పెట్టె ఏదైనా దానికి రెండు తలుపులుండాలి. ఒక్క తలుపు ఉన్న పెట్టెలో గోధుమరంగుది దూరితే పింకీ గుమ్మంలో కూర్చుంటుంది, లోపలిది ఇరుక్కుపోతుంది, అక్కడే రక్తాలొస్తాయి. అట్టపెట్టెకి రెండో పక్క కన్నం చెయ్యడానికి ఐదు నిమిషాలు. చోటు కూడా కావాలి. బ్రిటన్‌లో కుందేళ్ళ సంక్షేమం చూసేవాళ్ళు ఒక జతకే 3 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు ఉండాలంటారు. మీ నాలుగింటికి మీరు రాసిన ఆ రెండడుగుల గూడు పడుకోవడానికి కూడా చాలదు. వరండా మొత్తం మెష్ కట్టి ఇచ్చేయండి. పాము, పిల్లి రాని మెష్ కావాలి, కోళ్ళ గూటికి కట్టే పలచటి వల కాదు.

ఎండాకాలంలో మరీ జాగ్రత్త. 30 డిగ్రీలు దాటితే చాలు, వాటికి కష్టం, మనకి ఏప్రిల్, మే నెలల్లో 40 కూడా చూస్తాం, మీ పర్లాకిమిడిలో దానికి తోడు ఉక్క. ఆ వేడిలో ఎంత మంచి కుందేలైనా పక్కదాన్ని ఆనుకోనివ్వదు. చల్లని చోటు ఒక్కటే ఉంటే దానికోసం కొట్టుకుంటాయి. అప్పుడు వాటి గుణం మీద తీర్పు చెప్పకండి. రెండు మూడు చోట్ల నాపరాయి పలకలు వేయండి, సీసాలో నీళ్ళు పోసి గడ్డకట్టించి గుడ్డలో చుట్టి పెట్టండి, మెష్ మీద తడి గోనెపట్టా వేలాడదీయండి. వానాకాలంలో వెనక భాగం తడిగా, మురికిగా ఉందేమో రోజూ చూడాలి, ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి.

పింకీ మళ్ళీ దగ్గరికి వస్తుందా అంటే, వస్తుంది, కానీ పాత లెక్కలో కాదు. సందెవేళ వరండాలో నేల మీద కూర్చోండి. పిలవకండి, చెయ్యి చాపకండి, ఎత్తుకోకండి. పేపరు చదువుకోండి, చిక్కుడుకాయలు ఒలుచుకోండి. అరగంట. ముందు బొగ్గులాంటిది ఒకటి వచ్చి మీ చీర అంచు కొరుకుతుంది. అది మచ్చలది కావచ్చు, గోధుమరంగుది కావచ్చు. పింకీ దూరం నుంచి చూస్తుంది. ఎన్ని రోజులు పడుతుందో నేను చెప్పలేను, మల్లికి ఏడేళ్ళు పట్టింది, పైడికి మూడు రోజులు. వచ్చి తల వంచిందనుకోండి, రెండు వేళ్ళతో నుదురు నిమరండి, అది తల తీసేలోపే మీరు ఆపేయండి. ఇంకా కావాలనుకుంటే మళ్ళీ తోస్తుంది.

ఒక పని చేసి పెట్టండి. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి, అవి పడుకున్న వేళ, ఎవరు ఎవరి పక్కన పడుకున్నారో, ఎవరు విడిగా ఉన్నారో చీటీ మీద నాలుగు సున్నాలు చుట్టి పేర్లు రాయండి. వారం రోజులవి నాకు పంపండి. ఎవరు ఎవరిని తరుముతున్నారన్నదానికంటే ఎవరు ఎవరికి ఆనుకుని పడుకుంటున్నారన్నదే నాకు ఎక్కువ చెబుతుంది. ఆ చీటీల్లో మగపిల్ల సున్నా మాత్రం మెష్‌కి అవతలి పక్కన ఉండాలి, ఈ రాత్రి నుంచే.